గుండయ నాయకుడిచ్చిన మాట

సూర్యుడింకా పూర్తిగా పైకి రాకముందే మంకెనదుర్గం ముందున్న మైదానమంతా పొగతో నిండిపోయింది. శత్రువులు తెచ్చిన రాళ్లు విసిరే యంత్రాలు వరుసగా తగలబడుతుంటే బురుజుల మీది జనం ఆనందం పట్టలేక కేకలు వేశారు. వాటికి నిప్పు పెట్టి వస్తున్నవాడు సేనాపతి గుండయ నాయకుడు. వెంట వెళ్లినవారిలో ఒక్కరూ మిగలలేదు. అతని వెనుక, దూరాన, దుమ్ము రేపుకుంటూ శత్రువుల గుర్రపుదండు.

ఆ రాజ్యంలో ఒక ఆచారముండేది. పట్టాభిషేకమునాడు సామంతులూ సేనానులూ బంగారానికి బదులు, బతుకు తమకు నేర్పిన ఒక్క మాటను రాజుకు కానుకగా ఇచ్చేవారు. దానిని రాతిమీద చెక్కించి శాసనంగా పాటించేవారు. ఇచ్చినవాడు తప్ప మరెవ్వరూ, రాజు సైతం, దానిని రద్దు చేయరాదు. యువకుడైన త్యాగదేవరాజు ఆ మాటలన్నింటి మీదా ప్రమాణం చేసి సింహాసనమెక్కినవాడే. గుండయ ఇచ్చిన మాట కోటగుమ్మం పక్కనే ఉంది: "శత్రువు కనబడుతుండగా ఎవ్వరికొరకూ తలుపు తెరువరాదు, గోడమీదినుండి తాడు దించరాదు. ప్రాణమొకరిది, కోట అందరిది."

"తలుపు తీయండి!" అన్నాడు బురుజు మీదున్న రాజు. "దండు ఇంకా దూరాన ఉంది. నాయకుడు లోపలికి రావడానికి కావలసినంత వ్యవధి ఉంది."

మంత్రి అన్నలదేవ ప్రెగ్గడ చేతులు జోడించాడు. సేనాపతి ఉన్నంతకాలం కొలువులో తనకు విలువ లేదని కుళ్లిపోయిన మనిషికి ఆ రాతి మీద అంత భక్తి అప్పటికప్పుడు ఎక్కడినుండి పుట్టుకొచ్చిందో! "ప్రభూ, తమరే మాట తప్పితే రేపు ఏ సామంతుడు కట్టుబడి ఉంటాడు? పైగా అది నా మాట కాదే, ఆ మహావీరుడు స్వయంగా ఇచ్చినది!"

రాజు బురుజు అంచుకు పరుగెత్తాడు. అప్పటికే గుండయ గుమ్మం ముందుకు వచ్చాడు.

"నాయకా, మీ మాట వెనక్కు తీసుకోండి! తీసుకున్నానని ఒక్కసారి అనండి, చాలు!"

గుండయ తలెత్తాడు. "దేవరా, నిరుడు ఇక్కడే నిలబడి మన ద్వారపాలకుడు బేతన కొడుకు తలుపు తీయమని మొరపెట్టుకున్నాడు. వద్దన్నది నేను. ఆ బిడ్డకు వర్తించిన మాట నాకు వర్తించదని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

తలుపు వెనుక బేతన ఇదంతా విన్నాడు. కొడుకు పోయిన నాటినుండి సేనాపతితో పలుకైనా పలకని మనిషి ఇప్పుడు భోరుమన్నాడు.

"నా బిడ్డ ఎలాగూ రాడు దొరా! మీరైనా లోపలికి రండి! ఆ రాతి మీది మాట తగలబడిపోనీ, నేను తీస్తున్నా!"

అంటూనే గడియ లాగేశాడు. ఆపమని మంత్రి అరిచాడు గానీ భటులు కదల్లేదు.

తలుపు కాస్త తెరుచుకుంది. బేతన ఆ సందులోంచి చేయి చాపాడు. గుండయ ఆ చేతిని ఒక్కసారి గట్టిగా పట్టుకుని, లోపలికి నెట్టి, బయటి ఇనుప కడియాన్ని పట్టి లాగి తలుపు మూసేశాడు.

"గడియ వేయి, బేతన్నా."

బేతనకు చేతులు రాలేదు. మెట్లు దిగి వచ్చిన రాజే గడియ వేశాడు. గుర్రాల చప్పుడు దగ్గరపడుతుంటే, మీసాలైనా సరిగా రాని ఆ ప్రభువు తలుపుకు నుదురు ఆనించి, బయట కత్తి దూసిన శబ్దం వింటూ, ఏమీ చేయలేక అలాగే నిలబడిపోయాడు.