వీధి వైపు పలక

పొద్దున పది కావస్తోందంటే చాలు, కృపకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. హైదరాబాదులోని ఒక కంపెనీకి ఇంటి నుంచే ఆసుపత్రి బిల్లుల పని చేస్తుంది. రోజూ పదికి మీటింగు. మీటింగు మొదలైన అయిదు నిమిషాలకల్లా వైఫై చతికిలబడుతుంది. నెల్లాళ్ళుగా ఇదే వరస. శుక్రవారంలోగా బాగు చేయించుకోకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తామని నిన్న పైఅధికారి మెత్తగానే చెప్పింది. గట్టిగా అరిచి ఉంటే కృపకు ఇంత భయం వేసేది కాదు.

చేయగలిగినవన్నీ చేసింది. రూటరును ఇనుప బీరువా మీద నుంచి దించి కిటికీ పక్కన పెట్టింది. స్విచ్చి ఆపి, ముప్పై అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ వేసింది. వైరు మార్చింది. భర్త ఆనంద్ బాబు కంభంలో మోటార్లు బాగు చేస్తాడు. ఊళ్ళో వాళ్ళ మోటార్లన్నీ తిరుగుతాయి గానీ ఇంట్లో ఈ వైఫై పెట్టె దగ్గరికి వచ్చేసరికి "ఇంకోసారి ఆపి వెయ్" అనడమే. అత్త ఎలీషబా అయితే రూటరు మీద చెయ్యి పెట్టి మరీ ప్రార్థన చేసింది.

బుధవారం ఇంటర్నెట్ లైను చూసే అతను వచ్చాడు. "లైను బాగానే ఉందక్కా. లోపల ఎంతమంది వాడుతున్నారో సెట్టింగుల్లో చూడు" అని తన దారిన తను వెళ్ళిపోయాడు.

కృప సెట్టింగులు తెరిచింది. ఇంట్లో ఉన్నవి మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్. జాబితాలో పదిహేడు పేర్లున్నాయి. ఎదురింటి యేసుమణి ఫోను ఉంది, టైలరు కాటమరాజు ఫోను ఉంది, ఎవరిదో టీవీ కూడా ఉంది.

"అత్తా, మన వైఫై పాస్‌వర్డు ఎవరికన్నా చెప్పినావా?"

"నాకే తెలీదు, ఇంకెవరికి చెప్పేది? మీ మామ గేటు పలక మీద రోజూ రాస్తాడు గదా, అది చూసుకుంటారు" అంది ఎలీషబా, చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ.

"మామ రాసేది వాక్యం గదా?"

"వాక్యం కిందనే ఇదీ రాస్తాడు."

మామ సుందరరాజు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పలకలు కోసినవాడు. పని మానేశాక ఒక పెద్ద పలకను గేటు బయట తగిలించి, రోజుకో బైబిలు వాక్యం రాయడం మొదలుపెట్టాడు. లోపలివాళ్ళకు కనిపించేది దాని వీపే. కృప గేటు దాటి వెళ్ళి చూసింది. వాక్యం కింద గీత కొట్టి, పాస్‌వర్డు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

"ఏంది మామా ఇది?"

"అదా? యేసుమణి అడిగింది. దాని మొగుడు కువైట్ నుంచి పదింటికి ఫోన్ చేస్తాడంట. మొహం సరిగా కనపడక ఏడుస్తాంది. ఒకరికి చెప్పి ఇంకొకరికి ఎట్ల దాచేది? అందుకే రాసినా."

"నెల నుంచి ఆ పెట్టెతో నేను చస్తాంటే చూస్తానే ఉన్నావు గదా."

"దానికీ దీనికీ లింకని నాకేం తెలుసమ్మా? ఈ బజార్లో, వీధి మొత్తం మీద, నీళ్ళు పడింది మన బోరొక్కదానికే. అందరూ పట్టుకుంటారు. ఎప్పుడన్నా తాళం వేసినామా?"

"నీ గొప్పతనం కోసం నా పొట్ట కొడతావా మామా?"

అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది గానీ, జారిన మాట వెనక్కి రాదు. సుందరరాజు భుజం మీది తువ్వాలుతో పలక తుడిచాడు. పాస్‌వర్డుతో పాటు వాక్యం కూడా పోయింది.

కృప పాస్‌వర్డు మార్చేసింది. గురువారం మీటింగు ఒక్కసారి కూడా తెగకుండా సాగింది. ఇట్లాగే ఉండనీ అంది పైఅధికారి. సంతోషంగా లేచి కిటికీలోంచి చూస్తే, గేటు దగ్గర యేసుమణి ఫోను పట్టుకుని ఖాళీ పలక ముందు నిలబడి ఉంది. పిలవలేదు, అడగలేదు. కాసేపు అట్లాగే నిలబడి వెళ్ళిపోయింది.

కృపకు అమ్మ గుర్తొచ్చింది. దర్శి దగ్గర తన పుట్టినూళ్ళో, తాళం వేసిన కుళాయి ఉన్న ఒక ఇంటి ముందు అమ్మ ఖాళీ బిందెతో ఇట్లాగే నిలబడేది. 'అడిగితే లేదంటారే, నిలబడితే చూసి ఇస్తారేమో' అనేది. ఆ ఇంటివాళ్ళు ఎన్నడూ చూడలేదు.

మళ్ళీ సెట్టింగులు తెరిచింది. గంటసేపు వెతికితే తెలిసింది, అదే రూటరులో బయటివాళ్ళకు వేరే వైఫై పెట్టొచ్చని, దాని వేగానికి హద్దు కూడా పెట్టొచ్చని. అట్లా చేస్తే తన పనికి అడ్డం రాదు. కొత్త పాస్‌వర్డు కాగితం మీద రాసుకుని మామ దగ్గరికి వెళ్ళింది. ఆయన పొద్దుటి నుంచి తినకుండా బోరు పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"మామా, ఇది పలక మీద రాయి. ఇది బజారోళ్ళది."

"వద్దులేమ్మా. నీ పని చెడుతుంది."

"చెడదు మామా, వేరే చేసినా." అంతవరకే నిలకడగా చెప్పగలిగింది. "మా అమ్మ బిందె పట్టుకుని ఒక ఇంటి ముందర నిలబడేది మామా. ఈ పొద్దు ఆ ఇంటోళ్ళ మాదిరి అయిపోయినా నేను."

కోడలు ఏడుస్తుంటే ఆ ముసలాయనకు ఏం చేయాలో తోచలేదు. "ఊరుకోమ్మా" అని లేచి, సుద్దముక్క కోసం జేబులు తడుముకున్నాడు.

శుక్రవారం పదికి అయిదు నిమిషాలుండగా కృప జాబితా చూసింది. బజారు వైఫైలో పదకొండు ఫోన్లున్నాయి. చూస్తుండగానే తొమ్మిదయ్యాయి. తర్వాత నాలుగు. ఆ తర్వాత ఒక్కటీ లేదు. కొత్తది కూడా చెడిందేమోనని గేటు బయటికి పరుగెత్తింది.

పలక మీద వాక్యం ఉంది, దాని కింద పాస్‌వర్డు ఉంది. అన్నిటికంటే కింద మామ ఇంకో మాట రాశాడు: 'పది నుంచి పదకొండు దాకా మా కోడలికి మీటింగు. అప్పుడు ఎవరూ పట్టుకోవద్దు.'

ఎదురింటి అరుగు మీద యేసుమణి ఫోను బోర్లించి పెట్టుకుని కూర్చుని ఉంది.

"పో వదినా, టైమైతాంది. ఆయన్ని పదకొండింటికి చేయమన్నాలే."

ఇప్పుడు ఆ అవసరం లేదని చెప్పబోయి, తల మాత్రం ఊపింది కృప. బోరు కింద మొహం కడుక్కుని, వెళ్ళి మీటింగులో కూర్చుంది.