చేదులో చేదు

బార్‌లో మూలన కూర్చున్న మనిషి టేబుల్ మీద తల వాల్చేస్తే, ఎక్కువై పడుకున్నాడనే అనుకున్నారందరూ. బిల్లు తెచ్చిన వెయిటర్ భుజం తట్టాడు. మనిషి పక్కకి ఒరిగాడు. ఒరుగుతూ, "చేదులో... చేదు" అని గొణిగి కళ్ళు మూసుకున్నాడు. వెయిటర్ గ్లాసు వంక చూశాడు. సగం కూడా తాగలేదు!

మర్నాడు పొద్దున డ్రై క్లీనింగ్ షాపు వెనక గదిలో, ఇస్త్రీ పెట్టెల ఆవిరి మధ్య, ఈ సంగతి బాస్ నోట విన్నాడు ఏజెంట్ మిరియం. మనిషి చూడ్డానికి పొట్టి, ఘాటు మాత్రం గట్టి. ఆ కోడ్ నేమ్ అందుకే వచ్చింది.

"బతికే ఉన్నాడా బాస్?"

"ఉన్నాడు. స్పృహలో లేడు. బ్లాక్ కార్క్ ముఠాలో మనం దూర్చిన ఒకే ఒక్క మనిషి వాడు."

బాస్ టేబుల్ సొరుగు లాగి ఓ సీసా, ఓ గ్లాసు తీశాడు. మూత తీసి పోశాడు. పాత రాగి చెంబు రంగులో ఉంది బీరు. పైన మందంగా నురుగు.

"తాగు."

"డ్యూటీలో ఉన్నాను బాస్."

"ఇదే డ్యూటీ. ముందు వాసన చూడు."

మిరియం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నారింజ తొక్క గిల్లినట్టు, అప్పుడే కోసిన పచ్చగడ్డి పక్కన నిలబడినట్టు వాసన. బాగానే ఉందనుకుని ఓ గుక్క వేశాడు. మొదట నాలుక మీద కాస్త తీపి తగిలింది. సరేలే అనుకునేలోపు వెనకనించి చేదు వచ్చి పడింది. అంగిలంతా పట్టేసింది. మింగాక గొంతులో వెచ్చగా సెగ. మిరియం ముఖం ముడుచుకుపోయింది.

"అబ్బా! దీన్ని డబ్బిచ్చి కొనుక్కుని మరీ తాగుతారా?"

"స్ట్రాంగు క్రాఫ్ట్ బీరు. హాప్స్ అనే మొగ్గలు దండిగా వేసి కాస్తారు. ఆ చేదు అక్కణ్ణించే. మంచి చేదు ఎలా ఉంటుందో తెలిస్తేనే కదా దొంగ చేదు పట్టుకోగలం? బ్లాక్ కార్క్ ఓ మత్తుమందు తయారుచేసింది. విషమంత చేదు. దేన్లో కలిపినా నాలుకకి దొరికిపోతుంది. ఒక్క దీన్లో తప్ప."

"చేదులో చేదు," అన్నాడు మిరియం.

"పడిపోకముందు మనవాడు పంపిన కబురు ఇది. మధ్యాహ్నం క్రాఫ్ట్ బీర్ల పోటీ. ఫైనల్ రౌండ్లో ఇదే బీరు. ఆ రౌండ్లో ఓ జడ్జి పడిపోతాడు. బయట అంబులెన్సు రెడీగా ఉంటుంది. ఎక్కించుకుని సరిహద్దు దాటించేస్తారు. ఇదిగో, మనిషి."

ఫోటో చూడగానే మిరియం నోట్లో మిగిలిన చేదంతా ఎగిరిపోయింది. ఫోటోలో నవ్వుతున్నది అతని బావ. సొంత అక్క మొగుడు.

బావ నౌకాదళం ఇంజనీరు. యుద్ధనౌకల మాటలు శత్రువుకి అర్థం కాకుండా చేసే సంకేతాల యంత్రం ఆయన కట్టిందే. ఆ సంకేతాల్ని విప్పే కీ ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. సెలవురోజుల్లో ఇంట్లో బీరు కాచుకోవడం ఆయనకి పిచ్చి. ఆ పిచ్చి వల్లే జడ్జి కూడా అయ్యాడు. బావమరిది వాటర్ ఫిల్టర్లు అమ్ముకుంటాడని ఆయన నమ్మకం. అక్క నమ్మకమూ అదే.

"ఆయన్ని ఇంట్లోనే ఆపేస్తే?"

"ఇంకోరోజు, ఇంకోచోట పట్టుకుంటారు. మందు కలిపే చెయ్యి ఎవరిదో ఇవాళే తేలాలి. ఇంకో మాట. నెమలి వస్తోంది."

మిరియం పళ్ళు కొరికాడు. నెమలి అంటే అందగత్తె, ఎర్ర లిప్‌స్టిక్, రెండుచోట్లా జీతం. మనకీ పనిచేస్తుంది, బ్లాక్ కార్క్‌కీ పనిచేస్తుంది. ఏ రోజు ఎవరి మనిషో దేవుడికే ఎరుక.

"నమ్మకు," అన్నాడు బాస్. "అసలు ఎవర్నీ నమ్మకు."

బయటికి రాగానే ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, మీ బావ ఆ పోటీకి బయల్దేరారు. చివర్లో ఏదో స్ట్రాంగు బీరట. బీపీకి అది ముట్టుకోవద్దని డాక్టరు మొత్తుకున్నాడు. నువ్వు పక్కనే ఉండి చూసుకో. ఒక్క చుక్క పడకూడదు. విన్నావా?"

"విన్నానక్కా."

"మాట?"

"మాట."

అమ్మ పోయాక అన్నం కలిపి పెట్టిన అక్క. ఆమెకిచ్చిన మాట. బాస్ ఆర్డరు తప్పితే ఉద్యోగం పోతుంది, అంతే. ఇది తప్పితే అక్క ముఖం ఎలా చూడాలి? మిరియానికి నిజంగా భయమేసింది.

పోటీ జరిగే హాలు ఒకప్పటి గోడౌను. ఎత్తైన కిటికీలు, పొడుగాటి టేబుళ్ళు, వెనక వరసగా బీరు నింపిన స్టీలు కెగ్గులు, వాటికి పైపులు, కొళాయిలు. మిరియం నల్ల ఏప్రన్ కట్టుకుని గ్లాసులు అందించేవాళ్ళలో కలిసిపోయాడు. ఇవాళ్టి మారువేషం ఆ ఏప్రనే.

"ఏరా బామ్మర్దీ!" అని హాలంతా వినబడేలా పిలిచాడు బావ. "ఫిల్టర్లు అమ్ముడుపోక ఇందులో చేరావా? మీ అక్క పంపిందా కాపలాకి?"

"పంపింది."

"ఆవిడ పంపకపోతే ఆశ్చర్యపోవాలి గానీ. సరే, ఓ ముక్క నేర్చుకో. గ్లాసుని కిందే పట్టుకోవాలి. లోపల వేలు తగిలిందో, నీ వేలు నీకుండదు."

"అంత నేరమా?"

"మరి? శుభ్రంగా కడిగిన గ్లాసులో నురుగు గోడ పట్టుకుని మెల్లగా దిగుతుంది. జిడ్డు, సబ్బు, వేలిముద్ర ఏది తగిలినా చచ్చిపోతుంది. నురుగు చచ్చిన గ్లాసు మీద తీర్పు చెప్పకూడదు. మార్చేయాల్సిందే."

ఆ మాటకి సాక్ష్యం అన్నట్టు టేబుల్ చివర్నించి కేక వినబడింది. చీఫ్ జడ్జి. తెల్ల గడ్డం, తెల్ల గ్లవ్స్, చేతిలో తెల్ల రుమాలు. ప్రతి గ్లాసునీ వెలుతుర్లోకి ఎత్తి చూస్తున్నాడు. ఓ జడ్జి పెదాలు పగిలాయని ఏదో జిడ్డు రాసుకొచ్చాడట. "కడుక్కుని రండి! ఇది బీరు టేబులా, బ్యూటీ పార్లరా?" అని అందరి ముందూ కడిగేశాడు. పాపం, పెద్ద మనిషి ముఖం చిన్నబుచ్చుకుని లేచి వెళ్ళాడు.

నెమలి మాత్రం జడ్జిల వరసలో బుద్ధిగా కూర్చుంది. నీలం గౌను, కాలరుకి వెండి బ్రోచ్. పెదాలకి రంగు లేదు, ఒంటికి సెంటు లేదు. దగ్గరికొచ్చిన మిరియం కోడ్ వర్డ్ వదిలాడు.

"నురుగు నిలిచిందా మేడమ్?"

"నిలిస్తే నిజం," అని జవాబు చెప్పి ముఖం పక్కకి తిప్పుకుంది. ఇంకో మాట లేదు. కళ్ళు మాత్రం బావ మీదే ఉన్నాయి. మిరియానికి ఒళ్ళు మండింది. దొంగ మొహంది, గురి చూసుకుంటోంది!

తేలిక బీర్ల రౌండ్లు నడిచాయి. ల్యాబ్ వాళ్ళిచ్చిన పెన్ను మిరియం జేబులో ఉంది. దాని మొన గ్లాసుకి తాకిస్తే, మత్తుమందు ఉంటే ఎర్రలైటు వెలగాలి. ఫైనల్ బీరు కొళాయి దగ్గర ఓ చుక్క పట్టి పరీక్షించాడు. ఎర్రలైటు! ఇంకో కెగ్గులోంచి పట్టాడు. ఎర్రలైటు. అనుమానమొచ్చి, ఇంకా విప్పని హాప్స్ పొట్లానికి తాకించాడు. దానికీ వెలిగింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అని పెన్నుని తిట్టి జేబులో పడేశాడు. మంచి చేదుకీ దొంగ చేదుకీ తేడా దానికీ తెలీదు. మరి ఎవరికి తెలుసు?

కిటికీలోంచి చూశాడు. గేటు దగ్గర అంబులెన్సు వచ్చి ఆగింది. ఇంకా ఎవరూ పడిపోలేదు!

"ఫైనల్ రౌండ్!" అన్నాడు చీఫ్ జడ్జి.

ఖాళీ గ్లాసుల్ని ఒక్కొక్కటే చూసి మిరియం చేతికిచ్చాడు. బావ గ్లాసు దగ్గర మాత్రం ఆగాడు. "ఇక్కడో మచ్చ ఉంది," అని కోటు లోపలి జేబులోంచి ఇంకో రుమాలు తీసి లోపలంతా తుడిచి ఇచ్చాడు. అంత శ్రద్ధ ఎవరికుంటుంది అనుకున్నాడు మిరియం. అతని చూపంతా నెమలి కుర్చీ మీద ఉంది. కుర్చీ ఖాళీ! ఎక్కడికెళ్ళింది?

తనే కొళాయి తిప్పి, తనే పోసి, తన చేత్తోనే బావ ముందు పెట్టాడు. నెమలి అప్పుడొచ్చింది. పెదాల నిండా ఎర్రగా, మందంగా లిప్‌స్టిక్.

జడ్జిలందరూ ఆమెని గుర్రుగా చూశారు. చీఫ్ జడ్జి నోరు తెరిచేలోపే ఆమె బావ గ్లాసు ఎత్తి అంచుకి పెదాలు ఆనించింది.

"అయ్యో! మీదా? నాదనుకున్నాను," అని కింద పెట్టేసింది. అంచు మీద ఎర్రటి ముద్ర.

మిరియం చెయ్యి ఏప్రన్ కింది పిస్టల్ మీదికి పోయింది. కలిపేసింది! అంత పచ్చిగా, అందరి కళ్ళముందూ!

"ఏమిటండీ ఇది!" బావ విసుక్కున్నాడు. "బామ్మర్దీ, గ్లాసు మార్చు."

"అక్కర్లేదు," అన్నాడు చీఫ్ జడ్జి. "ఎందుకు మార్చడం? అటువైపు తిప్పి తాగండి. పర్వాలేదు."

పర్వాలేదా!

పెదాల జిడ్డుకి పెద్దమనిషిని లేపి పంపించినవాడు, ప్రతి గ్లాసులోనూ మచ్చ వెతికినవాడు, లిప్‌స్టిక్ గ్లాసుకి పర్వాలేదంటున్నాడు. మిరియం గబుక్కున గ్లాసు చూశాడు. లిప్‌స్టిక్ ఒక్క పక్కనే ఉంది. నురుగు మాత్రం చుట్టూరా చచ్చింది. పక్క గ్లాసుల్లో గోడ పట్టుకుని దర్జాగా నిలబడి ఉంది. చావు లిప్‌స్టిక్ తెచ్చింది కాదు. రుమాలు తెచ్చింది.

బావ అప్పటికే, ఇంత మంచి బీరు ముందుంటే గొడవెందుకనుకున్నాడేమో, గ్లాసు తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు అరమూశాడు.

"నారింజ తొక్క... పచ్చగడ్డి... వెనకాల ఏదో చెట్టు జిగురు... ఆహా! చేదు ఇంకా బాగుంటుందని వాసనే చెబుతోంది."

గ్లాసు పెదాలకి చేరింది. పిస్టల్ తీస్తే హాలంతా గగ్గోలు, ఆ గగ్గోల్లో ఎవడెటు పోతాడో తెలీదు. మిరియం ఒక్క అంగలో వెళ్ళి, బావ పెదాల ముందు, గ్లాసులో బొటనవేలు ముంచి లోపలి గోడంతా చుట్టూ తిప్పాడు.

హాలంతా అటు తిరిగింది.

"ఒరేయ్!" బావ అరుపుకి కిటికీ అద్దాలు అదిరాయి. "వేలు పెట్టావురా! బీరులో వేలు పెట్టావు! మనిషివేనా నువ్వు?"

మిరియానికి ఆ తిట్లు వినబడలేదు. వేలు చల్లబడింది. తిమ్మిరెక్కింది. కాసేపటికి అక్కడ వేలుందో లేదో తెలీలేదు.

"చీఫ్ జడ్జిగారూ," అన్నాడు మెల్లగా. "ఆ రెండో రుమాలు ఓసారి ఇలా ఇస్తారా?"

తెల్ల గడ్డం లేచి పరుగెత్తింది. మిరియం వెనకాల. కెగ్గుల వరస దగ్గరికి చేరేసరికి నెమలి అక్కడ నిలబడి ఉంది, చేతిలో ఫైనల్ బీరు పైపు. కొళాయి పూర్తిగా తిప్పేసింది. ఇద్దరూ తల నించి కాళ్ళ దాకా తడిసి ముద్దయ్యారు. చీఫ్ జడ్జి జారి వెల్లకిలా పడ్డాడు. సగం గడ్డం ఊడి మిరియం చేతికొచ్చింది. కింద నున్నటి కుర్ర ముఖం.

"నాకు ముందే చెప్పి చావొచ్చుగా!" కెగ్గుల చాటున సంకెళ్ళు వేస్తూ కసిరాడు మిరియం.

నెమలి కాలరు మీది బ్రోచ్ పీకి బీరు మడుగులో పడేసింది. "దీన్లో వాళ్ళ మైకుంది. నోరు విప్పితే నా పని అయిపోయేది. వాడి దగ్గర మందు ఒక్క గ్లాసుకే ఉంది. ఆ గ్లాసు మార్పిస్తే చాలనుకున్నాను."

"నీ పెదాలకి అంటుకోలేదా?"

"లిప్‌స్టిక్ అంత మందంగా వేసుకుంది అందం కోసమనుకున్నావా? గేటు దగ్గరికి పద, అంబులెన్సు వెళ్ళిపోతుంది."

వెళ్ళలేదు. బాస్ మనుషులు అప్పటికే డ్రైవర్ని దించేశారు. అదే అంబులెన్సులో చీఫ్ జడ్జిని సాగనంపారు.

పోటీలో మోసం చేశాడని అరెస్టు చేశారని జనానికి చెప్పారు. బావ దాన్ని నూటికి నూరుపాళ్ళు నమ్మాడు.

"లిప్‌స్టిక్ గ్లాసు తాగమన్నప్పుడే నాకు అనుమానమొచ్చింది," అన్నాడు దారంతా. "కానీ ఒరేయ్, అంత మంచి బీరు! ఒక్క చుక్క నాలుక మీద పడలేదు. కెగ్గంతా నేల తాగింది. నా గ్లాసులో ఏమో నీ వేలు!"

బావ తిడుతున్నాడంటే బావ ఉన్నాడన్నమాట. ఎంత తిట్టినా వినాలనిపించింది మిరియానికి.

అక్క తలుపు తీసింది. ముందు మొగుణ్ణి చూసింది, దగ్గరికొచ్చి వాసన చూసింది. తృప్తిగా తల ఊపింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. చొక్కా నిండా స్ట్రాంగు బీరు వాసన గుప్పుమంది. బొటనవేలికి ఇంకా తిమ్మిరి వదల్లేదు, చెప్పు విప్పబోతే జారి గోడ పట్టుకున్నాడు.

"కాపలా కాయమని పంపిస్తే నువ్వు తాగొచ్చావట్రా?"

ఎన్నో దేశాల జైళ్ళలో, ఎన్ని దెబ్బలు తిన్నా నోరు విప్పని ఏజెంట్ మిరియం తల దించుకున్నాడు.

"తప్పయిందక్కా. కొంచెం ఎక్కువే తాగాను."