రేవు దొర తాగని టీ

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆరో తరగతి నల్లబల్ల మీద టీచరు రాసిన పనులు ఇవి:

గోడపత్రికకు అట్టలు అతికించాలి.
అంచులకు రంగు కాగితం చుట్టాలి.
పై బొమ్మకు రంగులు వేయాలి.
మంచి పొడుపుకథలు ఐదు ఎంచాలి.
ఒక పుస్తకం ఎలా ఉందో రాయాలి. పొడుగ్గా వద్దు.

ఆఖరి పని బుల్లెట్‌ది.

ఆ అమ్మాయి అసలు పేరు అది కాదు. ఎంత లావు పుస్తకమైనా ఒక్క ఊపులో చదివేస్తుందని తరగతి పెట్టిన పేరు. ఆ పేరంటే తనకు ప్రాణం.

ఈసారి తను తీసుకున్నది 'రేవు దొర' అనే కామిక్ పుస్తకం. ఒక రేవు పట్నంలో జరిగే దొంగతనాలన్నిటి వెనకా ఉన్న ముఠా నాయకుడి కథ. అట్ట మీద నల్లకోటు మనిషి ఒకడు కుర్చీలో కూర్చుని ఉంటాడు.

"నలభై ఎనిమిది పేజీలు. పన్నెండు నిమిషాలు," అంది బుల్లెట్ పుస్తకం మూసి. "చచ్చు విలన్."

పక్కనే అట్టకు జిగురు రాస్తున్న నత్త తలెత్తాడు. అతను ప్రతి వాక్యం కిందా వేలు పెట్టుకుని చదువుతాడు. ఆ పేరు కూడా తరగతి పెట్టిందే. అదంటే అతనికి ప్రాణమేమీ కాదు.

"నేనూ చదివాను. నాకు భయమేసింది," అన్నాడు.

"దేనికి? తుపాకీ పట్టాడా? పట్టలేదు. ఎవర్నైనా కొట్టాడా? లేదు. కనీసం హహ్హహ్హా అని నవ్వనైనా నవ్వలేదు. పుస్తకం మొత్తానికి తొమ్మిదే మాటలు మాట్లాడాడు. లెక్కపెట్టాను."

"ఏమో. వాడు కూర్చునే ఆ గదిలోకి నన్ను రమ్మంటే మాత్రం నేను వెళ్ళను."

"నిన్నెవరు రమ్మన్నారు బాబూ! భయం ఎందుకో చెప్పు."

నత్త నోరు తెరిచాడు. మళ్ళీ జిగురు వైపు తిరిగాడు.

బుల్లెట్ పది వాక్యాలు చకచకా రాసేసింది. ఆఖరి వాక్యం దగ్గర తనకే నవ్వొచ్చింది. కాగితాన్ని గోడపత్రిక మీద కుడివైపు మూలన పిన్నులతో గుచ్చింది.

నత్త దగ్గరికి వచ్చాడు. వేలు పెట్టుకుని మొదటినుంచీ చదివాడు. ఆఖరి వాక్యం కింద వేలు ఆగిపోయింది. సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంట్లో అమ్మమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. బుల్లెట్ చిత్తుకాగితం తీసి, మంచం మీదకెక్కి నిలబడి, వార్తలు చదివినట్టు చదివింది. పదో వాక్యానికి వచ్చింది.

"చదవడం సరిగ్గా రానివాళ్ళకే ఈ విలన్ గొప్పగా కనిపిస్తాడు."

అంతే, కాగితం దించేసింది. అమ్మమ్మకు చదవడం రాదు. ఆ సంగతి తనకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. రాసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

అమ్మమ్మ చేతిలోని చొక్కా పక్కన పెట్టింది.

"అయితే నాకు గొప్పగా కనిపిస్తాడన్నమాట. ఏదీ, ఇలా తే ఆ మహానుభావుణ్ణి."

"అది నీ గురించి కాదమ్మమ్మా..."

"తెమ్మన్నానా!"

అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కో బొమ్మనూ నిదానంగా చూసింది. పావుగంటకు నాలుగు పేజీలే అయ్యాయి.

"ఒసే, ఎవడే వీడు? అమ్మో, సామాన్యుడు కాడు."

"నీకెలా తెలుసు? ఆ పేజీలో వాడు ఒక్క మాటైనా అనలేదు."

"మాటలెందుకు? టీ చూడు."

"టీయా?"

అమ్మమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు ఒక పెద్ద ఆఫీసులో టీలు అందించింది. పోయిన ఏడాదే మానేసింది. అక్కడ ఎలా ఉండేదో బుల్లెట్ ఎప్పుడూ అడగలేదు.

"ఈ బల్ల మీద ఎనిమిది కప్పులున్నాయా? ఆవిరి లేస్తోందా? ఇప్పుడు పక్క బొమ్మ చూడు. ఆవిరి లేదు. టీ చల్లారిపోయింది. కప్పులు మాత్రం నిండుగా అలాగే ఉన్నాయి. ఎందుకు తాగలేదంటావ్?"

బుల్లెట్ పుస్తకం మీదకు వంగింది. నిజమే. సన్నటి గీతలతో వేసిన ఆవిరి మొదటి బొమ్మలో ఉంది, రెండో దాంట్లో లేదు.

"ఎందుకు?"

"ఆయన ముట్టలేదు గనక. ఆయన ముట్టందే వీళ్ళు ముట్టరు. మా ఆఫీసులో తలుపు మీద పేర్లుండేవి. నాకు చదవడం రాదాయె. మరి పెద్దసారు ఎవరో ఎలా కనిపెట్టేదాన్ననుకున్నావ్? ట్రే పట్టుకుని గుమ్మంలో ఒక్క నిమిషం నిలబడేదాన్ని. నోరు తెరిచేముందు అందరూ ఎవరి మొహంకేసి చూస్తారో, మొదటి కప్పు ఆయనకి. ఒక్కనాడూ తప్పు పోలేదు."

బుల్లెట్ మళ్ళీ బొమ్మ చూసింది. ఏడుగురి కళ్ళూ నల్లకోటు వైపే ఉన్నాయి. ఎదుటివాడితో మాట్లాడుతున్నవాడు కూడా ఓరగా అటే చూస్తున్నాడు. పన్నెండు నిమిషాల్లో తను చూసింది మాటల బుడగల్నే.

"ఇదిగో, ఇక్కడ ఆయన లేనే లేడు," అంది అమ్మమ్మ. "మనుషులు కిక్కిరిసి నిలబడ్డారు. కుర్చీ ఖాళీ. ఒక్కడైనా కూర్చున్నాడా?"

"లేదు," అంది బుల్లెట్. ఆ మాట గుసగుసలా వచ్చింది.

అమ్మమ్మ ఇంకా పేజీలు తిప్పుతూ పోయింది. చివరికి, "పాపం," అంది.

"పాపమా! వాడు విలన్ అమ్మమ్మా!"

"అయితే? మొదటినుంచీ చూస్తున్నాగా. ఎవరిచ్చినా ఒక్క గుక్క తాగలేదు. ఎవరి చేతి టీనీ నమ్మడు. ఇది చూడు."

అది ఆఖరి పేజీ. దాంట్లో ఒక్క అక్షరం లేదు. అందుకే బుల్లెట్ దాన్ని గబుక్కున దాటేసింది. రేవు దొర ఒక్కడే ఇరుకు వంటగదిలో ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి, గిన్నెలో టీ కాచుకుంటున్నాడు. కింద బొమ్మలో, పొయ్యి పక్కన నిలబడి తాగుతున్నాడు.

"ఊరంతా వీడికి భయపడుతుంది. వీడేమో కప్పు టీకి భయపడతాడు," అంది అమ్మమ్మ. "నాకు రాత సంగతి తెలీదు గానీ, ఈ కథ కల్పించినవాళ్ళు ఎక్కడో ట్రే పట్టుకుని నిలబడ్డవాళ్ళే."

బుల్లెట్ అమ్మమ్మను వింతగా చూసింది. తన పక్కన కూర్చున్నది రోజూ జడ వేసే మనిషేనా?

"అమ్మమ్మా, మొదటినుంచీ ఇంకోసారి చూపించవా?"

మర్నాడు ఎనిమిదిన్నరకే బుల్లెట్ బడికి వెళ్ళింది. గోడపత్రిక మూలనుంచి పిన్నులు పీకింది.

"అదేంటమ్మా, తీసేస్తున్నావ్?" టీచరు వచ్చింది. "పదింటికి అందరి అమ్మానాన్నలూ వస్తారు. గోడకు అంత ఖాళీ పెట్టి చూపిస్తామా?"

"తప్పుంది టీచర్."

"పెన్ను ఇస్తా, దిద్దేయ్."

"దిద్దితే పోదు టీచర్. మొత్తం తప్పే."

టీచరు కాగితం అందుకుని ఆఖరి వాక్యం దాకా చదివింది. బుల్లెట్ మొహం చూసింది. "గంటన్నర ఉంది. పరిగెత్తు," అంది.

నత్త వరండాలో పంపు దగ్గర బ్రష్షులు కడుగుతున్నాడు.

"నిన్న నేను రాసిన ఆఖరి మాట..." అంది బుల్లెట్.

"చదివాను. నిదానంగానే అయినా, చదివాను."

"అది నిన్ను అనాలనే రాశాను. తప్పు నాదే."

నత్త బ్రష్షు విదిలించాడు. నీలం నీళ్ళు బుల్లెట్ చేతి మీద చిందాయి. తను తుడుచుకోలేదు.

"ఆ గదిలోకి వెళ్ళనన్నావుగా. ఎందుకో నాతో కూర్చుని చూస్తావా?"

"పన్నెండు నిమిషాల్లో అవదు మరి."

"అవక్కర్లేదు."

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. బుల్లెట్ టీ కప్పుల సంగతి చెప్పింది. నత్త కళ్ళు ఇంతింతయ్యాయి. తరవాత అతని వేలు బొమ్మ వెంట బొమ్మగా కదిలింది. ముందుకు తిప్పేయాలని బుల్లెట్ చేతులు దురద పెట్టాయి. వాటిని మోకాళ్ళ కింద పెట్టుకుంది.

పదకొండో పేజీలో వేలు ఆగింది.

"కిటికీ," అన్నాడు నత్త.

"ఏ కిటికీ?"

"అన్నీ. ఆయన ఉన్న ప్రతి గదిలోనూ తెరలు వేసే ఉన్నాయి. అందుకే నాకు ఊపిరాడనట్టు అనిపించింది!" అతను గబగబా ఆఖరి పేజీ తీశాడు. గబగబా తీయడం బుల్లెట్ చూడటం అదే మొదటిసారి. "ఇక్కడ చూడు!"

వంటగదిలో తెర బెత్తెడు పక్కకు జరిపి ఉంది. ఆ సందులోంచి రేవు, పడవలు, తెల్లవారుతున్న ఆకాశం.

అమ్మమ్మకు కూడా దొరకని కిటికీ.

"నత్తా..." అనబోయి ఆగింది. అతన్ని అసలు పేరు పెట్టి పిలిచింది. "ఇది నువ్వే రాయాలి. నేను పక్కన కూర్చుంటా."

పది గంటలకు గోడపత్రిక కుడి మూలన కొత్త కాగితం ఉంది. సగం గుండ్రటి అక్షరాలు, సగం పరుగెత్తే అక్షరాలు. దాని చివర ఇలా ఉంది:

"రేవు దొర చాలా గొప్పగా కల్పించిన విలన్. ఈ పుస్తకాన్ని తొందరగా చదవకండి. మాటలు లేని పేజీల దగ్గర ఆగండి. కిటికీల సంగతి మేము మెట్ల మీద కూర్చుని కనిపెట్టాం. టీ కప్పుల సంగతి చెప్పింది మాలో ఒకరి అమ్మమ్మ. ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు ఆఫీసులో టీ ఇచ్చింది. ఆవిడకు అక్షరాలు రావు. ఈ పుస్తకం ఎలా చదవాలో మాకు నేర్పింది ఆవిడే. మీరు ఆఖరి పేజీకి చేరినప్పుడు, దయచేసి ఆవిడను ఒక్కసారి తలుచుకోండి."