మందన్నవ్, సూదనలే

రాత్రంతా పాప దగ్గుతూనే ఉంది. లక్సెట్టిపేట దవాఖానలో నర్సుగా చేసే మహిమ, పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టుకుంటూ ఆవలించింది. భర్త తిమోతి మస్కట్‌లో. ఇంట్లో మిగిలింది ఆడవాళ్లే.

"అత్తమ్మా, నువ్వు గూడ నడువు. ఆరాధనను డాక్టర్‌సాబ్‌కు చూపిద్దాం."

పొయ్యి దగ్గరున్న సమ్మక్క కొంగుతో చేతులు తుడుచుకుని మనవరాలిని ఎత్తుకుంది.

దవాఖానలో డాక్టర్ కంప్యూటర్లో పాప పేరు కొట్టగానే తెర మీద ఎర్ర డబ్బా లేచింది. తొమ్మిది నెలలకు పడాల్సిన తట్టు టీకా పడలేదని. పాపకు ఇప్పుడు పదకొండో నెల.

"ఏం సిస్టర్, ఊరందర్నీ పిలిచి సూదులేయిస్తరు. మీ ఇంట్లనే ఎర్రగైందేంది?" డాక్టర్ నవ్వాడు.

మహిమకు నవ్వు రాలేదు. ఆ ఎర్ర డబ్బా చూసి తల్లులకు ఫోన్లు చేసేది తనే. సొంత బిడ్డ పేజీ తెరిచే పనే పడలేదు. శ్రీరాంపూర్ దిక్కు పిల్లలకు తట్టు పోస్తోందని నిన్ననే విన్నది.

వరండాలోకి రాగానే గొంతు లేచింది. "ఏసిండ్రని చెప్పినవు గదా అత్తమ్మా! అబద్ధమెందుకాడినవు?"

"నేనెందుకాడుత? మందేసిండ్రా అన్నవ్. ఏసిండ్రన్న. పోలియో ఆదివారం నోట్లె చుక్కలేసిరి. నువ్వు మందన్నవ్, సూదనలే."

నిజమే. డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విడుస్తూ అడిగిన మాట అది.

"తెల్వకపోతే నన్నడగరాదా?"

"ఎప్పుడడగాలె? నీ కంప్యూటరన్న పేరు కొడితేనే అడుగుతది. నువ్వు గడప తొక్కంగనే మొదలువెడ్తవు. పాలు తాగిందా, పండుకున్నదా, మందేసిండ్రా! పొద్దందాక మోసి మోసి నాకు యాష్టకొస్తున్నది. అత్తా, తిన్నవా అని ఒక్కనాడన్న అడిగినవా?"

సమ్మక్క కళ్లు నిండాయి. తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ పాపే.

మామూలు దగ్గేనని, టీకాకు అది అడ్డం కాదని అన్నాడు డాక్టర్. వినోద సిస్టర్ సూది వేసింది. ఆరాధన గట్టిగా ఏడ్చి నాయనమ్మ మెడలో ముఖం దాచుకుంది. మహిమ కంప్యూటర్లో వివరాలు ఎక్కించింది. ఎర్ర డబ్బా పోయింది. అయినా ఆమె మనసు తేలిక కాలేదు.

టిఫిన్ డబ్బా తెచ్చి బెంచీ మీద పెట్టింది.

"తిన్నవా అత్తమ్మా?"

"పొద్దుగాల నువ్వు డబ్బా గట్టుకుంటుంటే నీ బిడ్డనెత్తుకుంటి. ఎప్పుడు తినాలె?"

మహిమ చేతులు చాచి పాపను తీసుకుంది. సమ్మక్క ఖాళీ అయిన చేతులతో మొదట కళ్లు తుడుచుకుని, డబ్బా వైపు చూసింది.

"మరి నీకో?"

"సగం సగం తిందాం, తియ్యి."