విస్తామ రాజు కిరీటం

వేటగాడు తెచ్చిన కంకణాన్ని చూడగానే అర్తమిత్ర మహారాజు సింహాసనం మీద నిటారుగా కూర్చున్నాడు. విరిగిన బంగారు కంకణం అది. కొసన గర్జిస్తున్న సింహం తల. పడమటి కొండల అడవిలో, ఒక గుహలోంచి పారే వాగులో దొరికిందట. పారసీక దేశం మొత్తంలో అలాంటి కంకణం ఒక్కడి చేతికే ఉండేది. అర్తమిత్రుడి చేతిలో ఓడి, కిరీటంతో సహా మాయమైపోయిన పాత రాజు విస్తాముడి చేతికి.

అర్తమిత్రుడు రాజుల ఇంట పుట్టినవాడు కాడు. కొండవాలున గొర్రెలు కాచుకునే రష్నూ అతను. విస్తాముడి భటులు కరువు ఏడాదిలో కూడా మందల్ని తోలుకుపోతుంటే సహించలేక వడిసెల పట్టుకుని ఎదురుతిరిగాడు. అతని వెంట కాపరులు కదిలారు. కాపరుల వెంట గుర్రపు దండులు కదిలాయి. చూస్తుండగానే రాజధాని కోట తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

రాజైతే అయ్యాడు గానీ, తెగల పెద్దలు గొర్రెల కాపరిని గద్దె మీద చూసి మీసాల చాటున నవ్వుకునేవారు. ఆ నవ్వు మాన్పించడానికి అర్తమిత్రుడని కొత్త పేరు పెట్టుకున్నాడు, కొత్త కట్టడి కూడా పెట్టాడు. రాజు పలకరిస్తే తప్ప ఎవరూ నోరు విప్పకూడదు. విప్పినా నోటికి చేయి అడ్డం పెట్టుకునే మాట్లాడాలి. జీను పట్టీ వదులైందని అడగకుండానే హెచ్చరించిన గుర్రపువాడికి నిండు సభలో కొరడా దెబ్బలు పడ్డాయి. రాజుగారు కిందపడతారని ఆదుర్దా పడ్డాడు పాపం, పిచ్చివాడు! ఆ రోజుతో నవ్వులు ఆగిపోయాయి, మాటలూ ఆగిపోయాయి. తెర వెనక ఒంటరిగా భోజనానికి కూర్చుంటే తను నమిలే చప్పుడు తనకే వినిపించి మహారాజుకు ముద్ద దిగేది కాదు.

ఇప్పుడు పెద్దలు ఇంకో మెలిక పెట్టారు. కొత్త ఏడాది నౌరోజు పండగనాటికి పాత రాజుల కిరీటం తల మీద కనబడాలి, లేదా గద్దె దిగిపోవాలి. అందుకే కంకణం దొరికిందని తెలియగానే అర్తమిత్రుడు గుర్రమెక్కాడు. భటుల్ని అడవి అంచున నిలిపేసి బుర్జక్ ఒక్కణ్నే వెంట తీసుకున్నాడు. బుర్జక్ ఇప్పుడు అంగరక్షకుడే గానీ, ఒకప్పుడు అతనూ రష్నూ ఒకే కంబళి కింద ముడుచుకుని పడుకున్నవాళ్లు.

అడవి దట్టంగా ఉంది. ముళ్ల కొమ్మల్ని కత్తులతో నరుక్కుంటూ, జారుడు బండల మీద గుర్రాల్ని చేత్తో నడిపించుకుంటూ ఇద్దరూ వాగు వెంట ఎగబాకారు. బుర్జక్‌తో ఏదైనా మాట్లాడాలని మహారాజుకు ప్రాణం కొట్టుకుపోతోంది. ఎక్కడ మొదలెట్టాలో తోచలేదు.

"దారి కష్టంగా ఉందా?" అన్నాడు చివరికి.

బుర్జక్ నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. "లేదు ప్రభూ."

అంతటితో సరి. మళ్లీ వాగు హోరు, గుర్రపు డెక్కల చప్పుడు.

గుహ నోరు ఎలుగుబంటి దూరేంత ఉంది. కాగడా వెలిగించి వంగి లోపలికి వెళ్లగానే గబ్బిలాలు గుంపుగా ముఖాన కొట్టుకుంటూ బయటికి ఎగిరాయి. కంపు భరించలేక అర్తమిత్రుడు అత్తరు గుడ్డ ముక్కుకు చుట్టుకున్నాడు. కొంత దూరం పోయాక బుర్జక్ ఉన్నట్టుండి ఆగిపోయాడు. గాలి వాసన చూసి, చేయి నోటికి అడ్డం పెట్టుకుని రాజు ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. భయపడుతున్నాడు కాబోలు అనుకుని అర్తమిత్రుడు పలకరించకుండానే ముందుకు సాగిపోయాడు.

సొరంగం మలుపు తిరిగి విశాలమైన గదిలాంటి చోటుకు చేరింది. అక్కడ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది ఒక అస్థిపంజరం. తల మీద, కొంచెం పక్కకు ఒరిగి, కిరీటం!

అర్తమిత్రుడు ఒక్క అంగలో దూకి కిరీటం అందుకున్నాడు. అప్పుడు కనబడింది పక్కన బూడిద కుప్ప. నడుమెత్తు పేరుకుని ఉంది. అంటే విస్తాముడు పారిపోయిన మర్నాడే చచ్చిపోలేదు. ఏళ్ల తరబడి ఒంటరిగా ఈ చీకట్లో నిప్పు కాచుకుంటూ బతికాడు. ఎదుటి గోడ నిండా బొగ్గుతో మనుషుల బొమ్మలు గీసుకున్నాడు. ఒక్కదానికీ కళ్లు లేవు, చెవులు లేవు. అందరికీ నోళ్లు మాత్రం పెద్దవిగా, తెరిచి ఉన్నాయి.

మాట్లాడే మనిషి కోసం అంతగా మొహంవాచిపోయాడన్నమాట!  అర్తమిత్రుడు ఆ బొమ్మల్ని దగ్గరగా చూడాలని కాగడా ఎత్తి, వాటి మధ్య గోడలో కొత్తగా విచ్చుకున్న పగులు వైపు అడుగు వేశాడు.

"ఒరేయ్ రష్నూ! ఆగు! నిప్పు వెనక్కి తియ్యి!"

బుర్జక్ వేసిన ఆ కేకకు అర్తమిత్రుడు నిలువెల్లా అదిరిపడ్డాడు. ఆ పేరు విని ఎన్నేళ్లయిందో! ముక్కు మీది గుడ్డ జారిపోయి, అప్పుడు తగిలింది వాసన. గొర్రెల గజ్జికి పూసే నల్లనూనె. కొండ పగుళ్లలో ఊరుతుంది, దాని ఆవిరి అంటుకుంటే ఇక ఆపేవాడు లేడు. చంటి కాపరికి కూడా తెలిసిన సంగతి అది.

కాగడా వెనక్కి తీసేలోపే పగులులోంచి మంట భగ్గుమని లేచింది. గుహ దద్దరిల్లింది. బుర్జక్ ముందుకు ఉరికి రాజును పక్కకు తోశాడు, ఆ ఊపుకి కాగడా చేజారిపోయింది. కప్పు నుంచి ఊడిపడ్డ బండ అతని కాలి మీద పడింది.

"నా సంగతి వదిలెయ్! పరుగెత్తరా!" అని అరిచాడు బుర్జక్. "కిరీటం ఉందిగా, దానికోసమేగా వచ్చాం! పో!"

నేల వెంబడి మంట పాక్కుంటూ వస్తోంది. ఒక చేత్తో బండ కదల్లేదు. అర్తమిత్రుడు కిరీటాన్ని కింద పడేసి రెండు చేతులూ బండ కిందికి పోనిచ్చి, పళ్లు బిగించి ఎత్తాడు. కాలు బయటికొచ్చింది. కిరీటం నాలుగడుగుల అవతలికి దొర్లి ఉంది. పోయి తీసుకుంటే బుర్జక్‌ను ఎత్తుకునే వ్యవధి ఉండదు. ఆయన ఒక్క క్షణం దానివంక చూశాడు. తర్వాత జబ్బుపడ్డ గొర్రెను ఎత్తుకున్నట్టు బుర్జక్‌ను భుజాల మీద వేసుకుని పొగలోంచి పరుగుతీశాడు.

బయటి ఎండలో వాగు ఒడ్డున ఇద్దరూ కూలబడ్డారు. వెనక గుహ నోరు ఫెళఫెళా కూలి మూసుకుపోయింది.

అర్తమిత్రుడికి నవ్వొచ్చింది. సింహాసనం పోయేట్టుంది, అయినా గుండె తేలికగా ఉంది. "పెద్దలకు ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానురా. పొమ్మంటారు. పోదాం. మళ్లీ ఇద్దరం గొర్రెలు కాచుకుందాం. ఏమంటావు? ఇందాకటిలా ఒక్కసారి పిలవరా నన్ను."

బుర్జక్ ఆయన ఖాళీ చేతుల వంక చూశాడు. నలిగిన కాలు ఈడ్చుకుంటూ లేచి, మోకాళ్ల మీద వంగి, చేయి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ కట్టడి పోయిందిరా. నేనే తీసేశాను. చెయ్యి దించు."

"ఇన్నాళ్లూ కొరడాకి భయపడి పెట్టుకున్నాను ప్రభూ," అన్నాడు బుర్జక్. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఇవాళ భయంతో కాదు. నా ప్రాణం కోసం కిరీటాన్నే వదిలేశారు. మీ పెద్దలు పొమ్మన్నా, ఉండమన్నా, నాకు రాజు మీరే. ఇక మిమ్మల్ని ఆ పేరుతో పిలవడానికి నాకు నోరు రాదు."

 అర్తమిత్రుడు లేచి, బుర్జక్‌ను జాగ్రత్తగా గుర్రం మీద కూర్చోబెట్టి, కళ్లెం తానే పట్టుకుని, భటులు ఎదురుచూస్తున్న వైపు నడిచాడు.