వానలో వచ్చిన రిలీవర్

నైట్ డ్యూటీ దిగి, కూర్మన్నపాలెంలో ఇంటికెళ్లి స్నానం చేసి, అట్నుంచటే కారెక్కాను. పాపికొండల నేషనల్ పార్కులో అడవిదున్నను చూపిస్తానని మా పాప దేవిశ్రీకి ఎప్పుడో నోరు జారాను. ఆరేళ్ల పిల్ల, మాట మరిచిపోదు కదా. "వానలో అడవేటి, మతి పోయిందేటి?" అని మా ఆవిడ ఇంద్రజ ఇంట్లోనే ఉండిపోయింది. తోడొచ్చింది ఆమె తమ్ముడు జగ్గారావు ఒక్కడే.

దారి పొడవునా వానే. అడవిదున్న మాట దేవుడెరుగు, కోతి కూడా కనపడలేదు. టెంట్లు వేసుకునే చోటికి చేరేసరికి నా ఒళ్లు నా స్వాధీనంలో లేదు. వాన చూసి మిగతావాళ్లంతా ముందే వెళ్లిపోయారట. "ఎలుగులు తిరుగుతాయి, ఒకరు మెలకువగా ఉండండి," అని చెప్పి కాపలా మనిషి కూడా సైకిలెక్కాడు.

చీకటి పడుతుండగా పిల్లకు జ్వరం తగిలింది. ఆస్పత్రికి వెళ్దామంటే వెనక వాగు పొంగి రోడ్డు మునిగింది.

"నీరు తీసిందేమో సూసొత్తాను బావా. నానొచ్చేక నువ్ తొంగుందువు," అని జగ్గారావు రెయిన్‌కోటు తొడుక్కుని వెళ్లాడు.

పిల్లని లోపల పడుకోబెట్టి టెంటు ముందు కూర్చున్నాను. కుళ్లిన ఆకుల వాసన. ఎక్కడో కణుజు జింక ఒక్కసారి అరిచి ఆగిపోయింది. కళ్లు మూతలు పడుతున్నాయి.

మా ప్లాంటులో రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టువాడు, రానిదే సీటు వదలకూడదు. వచ్చినవాడికి పరిస్థితి చెప్పి, అప్పజెప్పి దిగాలి. ఆ తర్వాత బాధ్యత వాడిది. ఇన్నేళ్లలో అది నాకు ఊపిరి తీసినంత అలవాటైపోయింది.

రెయిన్‌కోటు మనిషి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"తొంగో బావా," అన్నాడు మెల్లగా.

తలెత్తి మొహం చూసే ఓపిక లేదు. "లోపల పిల్లకి ఒళ్లు కాలిపోతంది. ఇంక నీదే," అని అప్పజెప్పేసి, కార్లో పడ్డాను.

ఎవరో అద్దం మీద కొడితే లేచాను. జగ్గారావు. మోకాళ్ల దాకా బురద.

"పాపనొగ్గీసి ఇక్కడ తొంగున్నావేటి బావా?"

"నీకు అప్పజెప్పేను కదరా..."

"నాకా? నాను ఇప్పుడే వత్తన్నాను!"

పరుగెత్తాను. టెంటు జిప్పు మూసే ఉంది. తీశాను... పిల్ల ఉంది. ఒళ్లు చల్లగా ఉంది. లోపలంతా వాగు బురద వాసన.

"దేవీ... ఎవరొచ్చేరమ్మా?"

"గట్టిగా మాటాడకు నాన్నా," అంది గుసగుసగా. "డూటీలో ఉన్నాడు."

ఎటు చూడాలో తెలీక చీకటికే చేతులు జోడించాను. "నా పిల్లని నాకిచ్చెయ్ బాబూ. నాను సూసుకుంటాను..." ఏడుపు ఆగలేదు. చుట్టూ వానే.

నీరు తీసిందన్నాడు జగ్గారావు. టెంటూ గింటూ అక్కడే వదిలేశాం. వాడు డ్రైవింగ్‌కి కూర్చున్నాడు. నేను వెనక సీట్లో పిల్ల తలను ఒళ్లో పెట్టుకున్నాను.

వాగు దాటాక, పిల్ల నిద్రలోనే నా ఒళ్లోంచి జరిగి అటు పక్కకు తిరిగి పడుకుంది. అటు ఖాళీ సీటు. తల మాత్రం సీటుకు ఆనలేదు... జానెడు ఎత్తులో అలాగే నిలిచి ఉంది. నుదుటి మీద పడ్డ జుట్టు... మెల్లగా... దానంతటదే చెవి వెనక్కి సర్దుకుంది.