పార్సిల్ మీద పేరు విజయ

"ఆధార్ ఇరుక్కా మేడమ్?"

ఆధార్ ఉందా అని కౌంటర్ వెనక కుర్రాడు తల ఎత్తకుండానే తమిళంలో అడిగాడు. కాట్పాడి స్టేషన్ ఎదురుగా ఉన్న ఆ కొరియర్ ఆఫీసులో ఒక బల్ల, ఒక తూకం మిషను, వాటి వెనక కేశవ్ తప్ప మరేమీ పట్టవు. బయట వాన దంచికొడుతోంది. సింధుజ చున్నీ నుంచి కారిన నీళ్లు అతని రిజిస్టరు దాకా పాకాయి.

కార్డు చూశాడు. పార్సిల్ చూశాడు. మళ్లీ కార్డు చూశాడు. డబ్బా మీద ఇంత లావు అక్షరాలతో విజయ అని ఉందనీ, కార్డులో సింధుజ అని ఉందనీ, ఎవరి పార్సిల్ వాళ్లకే ఇస్తామనీ తమిళంలోనే పాఠం మొదలుపెట్టాడు.

అంతలో ఆమె ఫోన్ మోగింది.

"వస్తాండా అవ్వా. ఈడ ఒక మొద్దు దొరికినాడు. మనిషి పేరు వేరే, మందు పేరు వేరే అని తెలీదు వీడికి."

మొద్దు తల ఎత్తాడు. "మొద్దుకు తెలుగు వచ్చు."

సింధుజ నాలుక కరుచుకుంది. కానీ తగ్గే రకం కాదు. "వస్తే కింద చిన్నక్షరాలు చదవండి. విజయ తైలం. అది మందు పేరు."

"హెంప్ అని ఉండాది. హెంప్ అంటే జనపనార కదా? గోనెసంచి పిండితే నూనె వస్తాదా?"

"గోనెసంచి కాదు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "గంజాయి ఆకు. ఆయుర్వేదంలో దాన్నే విజయ అంటారు. డాక్టరు చీటీ ఉండాది. మా అవ్వకు."

కేశవ్ ఆ డబ్బాను పసిపిల్లను దించినట్టు బల్ల మీద దించాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు చూసి సింధుజకు కోపం రావలసింది, రాలేదు. అక్కడే మొదలైంది గొడవంతా.

సింధుజది గుడియాత్తం. తండ్రి చెంగల్రాయలు లుంగీల వ్యాపారి. ఆమె వేలూరులో కళ్లద్దాల షాపులో పని చేస్తుంది, రోజూ రైల్లో కాట్పాడి దాకా వచ్చి బస్సెక్కుతుంది. నాయనమ్మ అలివేలమ్మకు పక్కటెముకల మీద అక్కి వచ్చింది. అక్కి మానింది గానీ మంట మానలేదు. పైట తగిలినా కెవ్వుమనేది. చివరికి ఒక ఆయుర్వేదం డాక్టరు ఈ తైలం రాసి, చీటీ అప్‌లోడ్ చేసి ఆన్‌లైన్‌లో తెప్పించుకోమన్నాడు. తైలం పడ్డాకే ముసలామె కంటినిండా నిద్రపోయింది.

అయితే ఆ పార్సిల్ ఇంటికి రాకూడదు. వీధి చివరి దినకర్ గంజాయి కేసులో దొరికినప్పుడు చెంగల్రాయలు భోజనం దగ్గర కూర్చుని, "ఆ వాసన తగిలినోణ్ణి నా గడప తొక్కనీయను" అన్నాడు. ఆ మాట సింధుజ చెవిలో ముల్లులా ఉండిపోయింది. అందుకే కాట్పాడి కౌంటరు.

నెలకొక పార్సిల్. కానీ కేశవ్ వారానికి రెండుసార్లు ఫోన్ చేసేవాడు. ఆమెను మందు పేరుతోనే పిలిచేవాడు.

"విజయా, నీ పార్సిల్ రాలేదు."

"రాలేదని చెప్పడానికి ఫోన్ చేస్తారా ఎవురైనా?"

"వచ్చినప్పుడు ఎట్లాగూ చేస్తాము. రానప్పుడు చేసేదే కదా సర్వీసు!"

ఇద్దరికీ తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. మెసేజీలన్నీ తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు. ప్రేమ అని రాస్తే పిరేమ అయ్యేది. "నీ పిరేమ నాకు అర్థం కాలా" అని ఆమె ఏడిపించేది. అర్థం కాకపోవడమేం, పదిసార్లు చదువుకునేది.

అతను రైల్వే ఉద్యోగానికి సెలెక్ట్ అయ్యాడు. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. "ఆర్డరు చేతికి వచ్చిన రోజే గుడియాత్తం వస్తా. మీ నాయన ముందర కూర్చొని అడుగుతా," అన్నాడు. సింధుజ ఆ రోజుకు కట్టుకునే చీర కూడా మనసులో తీసిపెట్టుకుంది.

అప్పుడు వెబ్‌సైట్ అడ్డం తిరిగింది. ఆర్డరు పెట్టబోతే, మీ రాష్ట్రానికి ప్రస్తుతం పంపడం లేదు అని ఎర్ర అక్షరాలు. అదే కంపెనీ సబ్బు పంపుతుందట, గింజలు పంపుతుందట, ఆకు నూనె మాత్రం పంపదట. కేశవ్ రెండు రోజులు ఫోన్లో చట్టాలు తవ్వాడు.

"సెంట్రల్ చట్టంలో పూత అయితేనే గంజాయి, ఉత్త ఆకు అయితే గంజాయి కాదంట. ఆకు సంగతి మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే చూసుకోవల్లంట. నిన్న ఉన్న రూలు ఈ పొద్దు లేదు, ఈ పొద్దుది రేపు ఉంటాదో లేదో."

"కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో మా అవ్వ."

"చిత్తూరు ఆంధ్రా కదా, ఆడికైతే పంపిస్తా ఉండారు. మా మామ ఆడనే ఉండాడు. ఆయన అడ్రసుకు పెట్టు. నేను బండిలో పోయి తెస్తా."

"పట్టుకుంటే?"

"చీటీ ఉండాది కదా. ఫోటో నా ఫోన్లో పెట్టు, చాలు."

ఆమె వద్దనలేదు. ఆ రోజు వద్దని ఉంటే బాగుండేదని ఇప్పుడు ఎన్నిసార్లు అనుకున్నా ఏం లాభం.

ఆదివారం. సింధుజ తండ్రితో పాటు దుకాణంలో లుంగీలు మడతపెడుతోంది. మధ్యాహ్నం ఫోన్ మోగింది. చెంగల్రాయలు జానెడు దూరంలో ఉన్నాడు.

"విజయా, చెక్‌పోస్టులో నిలబెట్టినారు." కేశవ్ గొంతులో నవ్వు లేదు. "ఫోటో చెల్లదంట, ఒరిజినల్ చీటీ కావల్లంట. సాయంత్రం లోపల తెస్తే వదిలేస్తామంటా ఉండారు. తెస్తావు కదా?"

చీటీ ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఆ బ్యాగు కాళ్ల దగ్గరే ఉంది.

"ఎవరమ్మా?" అన్నాడు తండ్రి, మడత మీద నుంచి కళ్లు తీయకుండా.

దినకర్ గుర్తొచ్చాడు. గడప గుర్తొచ్చింది. నోరు దానంతటదే పలికింది.

"రాంగ్ నంబరండీ."

అవతల ఒక్క క్షణం ఊపిరి వినిపించింది. లైను కట్ చేసింది కూడా ఆమే.

పావుగంట తర్వాత దుకాణం వెనక్కి పోయి ఫోన్ చేస్తే స్విచాఫ్. బస్సు ఉంది, టైము ఉంది, కాళ్లు ఉన్నాయి. కదల్లేదు. వాడికి నోరుంది, ఎలాగో సర్దుకుంటాడని తనకు తానే చెప్పుకుంది. పిరికివాళ్లకు ధైర్యం చెప్పుకోవడం బాగా వచ్చు.

మర్నాడు పొద్దున్నే చీటీ పట్టుకుని చెక్‌పోస్టు దగ్గరి పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తింది. అప్పటికే కేసు రాసేశారు. కేసులు రాసే రైటరు చీటీ అటూ ఇటూ తిప్పి, "నేత్తే వందిరుక్కలామే మా" అన్నాడు. నిన్ననే వచ్చి ఉండొచ్చు కదమ్మా అని. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఆమె వాంగ్మూలం ఇచ్చింది. అతనికి బెయిలు వచ్చింది. మూడు నెలలకు ల్యాబ్ రిపోర్టు వచ్చి అది చీటీలో రాసిన మందేనని తేలింది, కేసు పోయింది. రైల్వే లిస్టు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. వెరిఫికేషన్‌లో కేసు ఉందని రాశారు, ఆ సీటు ఇంకొకడికి పోయింది. సింధుజ పంపిన పిరేమలన్నీ ఒక్క టిక్కు దగ్గరే నిలిచిపోయాయి.

తైలం అయిపోయింది. అలివేలమ్మ మళ్లీ మూలగడం మొదలుపెట్టింది. "ఏమే, ఆ నూనె యాడ పోయింది?" అని అడిగేసరికి సింధుజ గుమ్మం దగ్గరే కూలబడి ఏడ్చింది. తండ్రి ఉన్నాడనైనా చూడలేదు. విజయ, చిత్తూరు, చెక్‌పోస్టు, రాంగ్ నంబరు, అన్నీ కక్కేసింది.

చెంగల్రాయలు వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆమె చెంప పగిలిపోవడానికి సిద్ధంగా కూర్చుంది.

"మా అమ్మకు మందు కదమ్మా అది," అన్నాడు. "నాకొక మాట చెప్పింటే నేనే పోయి తెచ్చిందును."

"నువ్వే కదా నాయనా, ఆ వాసన తగిలినోణ్ణి అని…"

"తాగి తిరిగేవాణ్ణి అంటి. నా తల్లి నొప్పి తీర్చేవాణ్ణి అంటినా?" ఆయన లేచి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ పిల్లోణ్ణి ఇంటికి పిలువు. మనవల్ల చెడినాడు. నీ మనసులో కూడా ఉండాడు కదా, నేనే మాట్లాడతా."

ముసలామె మంచం మీద నుంచే అంది. "చేతులు కాలినాంక ఆకులు పట్టుకుంటా ఉండారు, తండ్రీ కూతురూ."

ఆకు మాట విని నవ్వాలో ఏడవాలో సింధుజకు తెలియలేదు. ఆమె భయపడిన గోడ అసలు లేనే లేదు. లేని గోడ చాటున దాక్కుని, ఉన్న మనిషిని పోగొట్టుకుంది.

ఆ నెలలోనే వెబ్‌సైట్‌లో ఎర్ర అక్షరాలు పోయి, మీ రాష్ట్రానికి డెలివరీ ఉంది అని పచ్చగా వచ్చింది. ఎందుకు ఆపారో చెప్పలేదు, ఎందుకు వదిలారో చెప్పలేదు. సింధుజ ఆర్డరు పెట్టింది. ఈసారి ఇంటి అడ్రసే రాయొచ్చు. కానీ కాట్పాడి కౌంటరే రాసింది.

తీసిపెట్టుకున్న చీర కట్టుకుని వెళ్లింది. అదే బల్ల, అదే తూకం. కేశవ్ కాస్త చిక్కిపోయాడు. ఆమె వెనక ఒక పెద్దాయన పచ్చళ్ల డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

"ఆధార్ ఇరుక్కా మేడమ్?"

ఈసారి తల ఎత్తి, ఆమె ముఖం చూసే అడిగాడు.

"కేశవ్, మా నాయన నిన్ను ఇంటికి రమ్మన్నాడు. అన్నీ చెప్పేసినా."

అతను చెయ్యి చాపి కార్డు కోసం ఆగాడు. ఆమె ఇవ్వలేదు.

"నేను విజయను."

అతను ఆమె చేతిలోంచి మెల్లగా కార్డు తీసుకుని చదివాడు. "కార్డిలె సింధుజన్ను పోట్టిరుక్కు మేడమ్." కార్డులో సింధుజ అని ఉంది. అంతే. గొంతులో కోపం లేదు, అది ఉన్నా బతిమాలుకునేది. సంతకం చేయాల్సిన చోట వేలితో చూపించాడు.

సంతకం చేసింది. డబ్బా తీసుకుంది. మెట్టు దిగుతుంటే వెనక పెద్దాయన ఏదో గొణిగాడు, దానికి కేశవ్ గొంతు వినిపించింది.

"రా తాతా, యాడికి పంపల్ల?"

అచ్చం ఆ గొంతే, తనతో మాట్లాడని ఆ తెలుగే. సింధుజ డబ్బాను రొమ్ముకు అదుముకుని రోడ్డు దాటింది. గుడియాత్తం రైలుకు ఇంకా అరగంట టైముంది.